మూడుచోట్ల కనిపిస్తే చాలు

తెనాలి
22 ఏప్రిల్ 1989

అన్నయ్యా,

బతికే ఉన్నావా? ఈస్టరు కూడా వెళ్లిపోయింది. రెండు నెలలుగా నీ దగ్గర్నుంచి కార్డు ముక్క లేదు. వదిన వంట బాగుండి ఒళ్లు కదలడం లేదా, లేక పదో తరగతి పేపర్లు దిద్దుతూ పిల్లల తప్పులకి నువ్వు మంచం పట్టావా?

ఇందులో ఒక వార్త కత్తిరించి పెడుతున్నాను. నీ కోసమే అచ్చేసినట్టుంది. మార్చి ఇరవై మూడున ఒక గ్రహశకలం మన భూమి పక్కనుంచి దూసుకుపోయిందట. ఏడు లక్షల కిలోమీటర్ల దూరంలో. అంటే చందమామ దూరానికి రెండింతలు కూడా కాదు. అది దాటిన చోట ఆరు గంటల ముందు మన భూమి ఉంది. ఆ వేళకి నేను క్లాసులో శాంకవాలు చెబుతూ ఉండుంటాను. నువ్వు సైకిలు మీద బడికి వెళుతూ ఉండుంటావు.

అసలు సంగతి అది కాదు. అది వస్తుంటే ఎవరూ చూడలేదు. దాటిపోయిన ఎనిమిది రోజులకి, దూరమైపోతుంటే, ఫొటో పలక మీద చిన్న గీతలా పడింది. అప్పుడు తెలిసింది.

దాని దారి బాగా సాగిన దీర్ఘవృత్తమట. ఒక కొన శుక్రుడి దారి లోపలికి వెళుతుంది, ఇంకో కొన కుజుడి దారి అంచుదాకా. ఒక చుట్టు తిరగడానికి మన ఏడాది కంటే పన్నెండు పదమూడు రోజులు ఎక్కువ. మూడుచోట్ల కనిపిస్తే చాలు, మిగతా దారంతా గీసుకోవచ్చని నాకు నేర్పింది నువ్వే గదా, ఎమ్మెస్సీ చదివింది నేనైనా. సెలవులివ్వగానే ఇద్దరూ రండి. లాగరిథమ్ పట్టికలు ముందేసుకుని లెక్క కడదాం. నువ్వు తప్పు చేస్తే నేను నవ్వుతాను. నేను తప్పు చేస్తే నువ్వు మాట్లాడకుండా కూర్చుంటావు, ఎప్పటిలాగే.

వదినకు వందనాలు.

నీ చెల్లెలు,
ప్రేమకుమారి

&nbsp;

రేపల్లె
25 ఏప్రిల్ 1989

ప్రేమా,

ప్రభువు నామమున వందనాలు. మీ అన్నయ్య పేర రాసిన ఉత్తరం అందింది. ఆయన ఉత్తరాలు నేనెప్పుడూ విప్పను. కవరు మీద నీ చేతిరాత చూసి ఇది విప్పాను. నీ దగ్గరున్న మనిషికి నువ్వు ఉత్తరం ఎందుకు రాస్తావు?

ఏప్రిల్ ఆరు, గురువారం పొద్దున "ప్రేమ దగ్గరికి వెళ్లొస్తా" అన్నారు. ఎన్నాళ్లని అడిగితే "చూద్దాం" అన్నారు. బళ్లో సెలవు చీటీ పెట్టి వెళ్లారు కాబట్టి వాళ్లూ అడగలేదు. వారమైంది. నీ దగ్గరుంటే మనసు కుదుటపడుతుందిలే అనుకున్నాను. రెండో వారం కోపమొచ్చింది, అన్నాచెల్లెళ్లు లెక్కల్లో పడి నన్ను మర్చిపోయారని. కోపమే గాని భయం రాలేదు చూడు. అదీ నా తెలివి.

మనసు సంగతి నీకెప్పుడూ రాయలేదు కదూ. క్రిస్మస్ నుంచీ ఆయన సరిగా లేరు. బడికి వెళ్తారు, వస్తారు, వసారాలో కూర్చుంటారు. అంత ఇష్టపడి చేసుకున్న దుర్భిణి మీద గుడ్డ కూడా తీయలేదు. ఈస్టరు ఆరాధనకి రమ్మంటే "నువ్వెళ్లు రాహేలూ, నాకు అక్కడేమీ వినిపించడం లేదు" అన్నారు. చెవులకేమైనా అయిందేమో, గుంటూరు తీసుకెళ్లి చూపిద్దామనుకున్నాను.

ఆ రాయి సంగతి రెండుసార్లు చదివాను. దాటిపోయాక గాని ఎవరికీ తెలియలేదన్న మాట ఒక్కటే అర్థమైంది.

నువ్వు వెంటనే ఏదో ఒకటి చెయ్యి. చిన్నపిల్లలకి పద్యాలు చెప్పుకునేదాన్ని, నాకు పోలీసులూ ఆఫీసులూ తెలియవు.

మీ వదిన,
రాహేలు

&nbsp;

తెనాలి
9 మే 1989

వదినా,

నా దగ్గరికని చెప్పి బయల్దేరాడు కాబట్టి కంప్లయింటు ఇక్కడే ఇచ్చాను. రాసుకునే కానిస్టేబులు "ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయాండి?" అన్నాడు. లేవండీ అన్నాను. "తాగుడు?" "టీ తాగుతాడండి." నవ్వాడు. "టీ తాగేవాళ్లు ఎక్కడికీ పోరండి మేడంగారూ. వస్తారు" అన్నాడు. ఆ మాటకే ఆ మనిషి కాళ్లు పట్టుకోవాలనిపించింది.

తరవాత గుర్తులు అడిగాడు. ఎత్తెంత, ఒంటి రంగేంటి, పుట్టుమచ్చలు ఎక్కడ అని. నలభై ఏళ్లుగా చూస్తున్న మనిషి ఎత్తు నాకు తెలియదు వదినా. నాకంటే పొడుగన్నాను. "మీరెంతండీ?" అన్నాడు. అదీ తెలియదు.

అన్నయ్యకి వేటపాలెం గ్రంథాలయమంటే ప్రాణం గదా. నిన్న వెళ్లాను. లోపలికి వచ్చినవాళ్లు సంతకం చేసే పుస్తకం ఉంది. తిరగేస్తే ఏప్రిల్ పదో తారీకు కింద వాడి చేతిరాత. కె. కృపారావు, రేపల్లె. పక్క గడిలోకి జారిపోయింది గాని వాడిదే. ఏం చదివాడండీ అని అక్కడి పెద్దాయన్ని అడిగాను. "ఏం చదవలేదమ్మా. ఫ్యాను కింద కూర్చున్నారు. మధ్యాహ్నం లేచి వెళ్లారు. మర్యాదస్తులు, కుర్చీ లోపలికి నెట్టి మరీ వెళ్లారు" అన్నాడు.

పదో తారీకుదాకా రూఢి. ధైర్యంగా ఉండు. నేను ధైర్యంగా లేను గాని, నువ్వు ఉండు.

ప్రేమ

&nbsp;

రేపల్లె
27 మే 1989

ప్రేమా,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. నేనూ ఊరికే కూర్చోలేదు. ఒక్కో స్టేషనులో దిగి ఫొటో చూపించుకుంటూ వెళ్లాను. భట్టిప్రోలు స్టేషనులో టీ అమ్మే యేసుదాసు మీ అన్నయ్య దగ్గర చదివినవాడే. "సారా? ఆ గురువారం బండి దిగి నా దగ్గర టీ తాగి మళ్లీ అదే బండి ఎక్కారండి టీచరుగారూ" అన్నాడు. ఏమైనా మాట్లాడారా అని అడిగాను. "టీలో పంచదార ఎక్కువైందిరా అన్నారండి. లెక్కల్లో సున్నాలొచ్చినవాణ్ని, పంచదార చెంచాలు నాకేం లెక్క తెలుసు సార్ అన్నానండి. నవ్వారు" అన్నాడు. నవ్వారట, ప్రేమా. ఇంట్లో నాలుగు నెలలుగా నవ్వని మనిషి.

ఇక్కడ పక్కింటి ఆదిలక్ష్మి "ఏంటమ్మా టీచరుగారూ, సారు చుక్కల్లోకి పోయారా ఏంటి?" అని గోడ మీదనుంచి పలకరిస్తోంది. పాపం తిట్టాలని కాదు, దాని పలకరింపే అంత.

ఒక సంగతి అడుగుతాను, నవ్వకు. భట్టిప్రోలు ఒకటి, వేటపాలెం రెండు. మూడుచోట్ల కనిపిస్తే దారంతా గీయొచ్చని ఆయనకి రాశావు. అది రాళ్లకేనా? ఇంకొక్క చోటు దొరికితే చాలు గదా?

రాహేలు

&nbsp;

తెనాలి
18 జూన్ 1989

వదినా,

అన్నయ్య బాపట్లలో కనిపించాడట. ఏప్రిల్ పధ్నాలుగున. స్టేషనులో బెంచీ మీద కూర్చుని ఉండగా ఒకరు చూశారు. అంతకుమించి ఆ మనిషికీ తెలియదు, నాకూ తెలియదు. రూఢి అనుకోవద్దు.

కాలేజీ తెరిచారు. ఊపిరాడని పని.

నువ్వడిగినదానికి నవ్వలేదు. మూడుచోట్ల కనిపిస్తే దారి గీయొచ్చన్నది నిజమే. కానీ ఆ మూడూ దగ్గర దగ్గరగా ఉంటే, ఒక్కదాన్లో వెంట్రుకవాసి తప్పున్నా, గీసిన దారి కోట్ల మైళ్లు పక్కకి పోతుంది. అలా లెక్క కట్టి, తరవాత ఆ చోట వెతికితే కనిపించక, పోగొట్టుకున్న శకలాలు బోలెడున్నాయి. దారి గీయడం సులువు వదినా. అది అసలు దారి అవునో కాదో తేలాలంటే నాలుగోసారి కనిపించాలి.

ఈ రాయి సంగతే చూడు. దాని సైజు కూడా ఎవరూ కొలవలేదు. వెలుగును బట్టి అంచనా. నల్లటి రాయైతే పెద్దదై ఉండాలి, తెల్లటిదైతే చిన్నదై ఉండాలి. కంటికి ఆనే వెలుగు మాత్రం ఒకటే. ఏదో ఒకటి అనుకోకుండా లెక్క కదలదు.

ఒంట్లో జాగ్రత్త.

ప్రేమ

&nbsp;

రేపల్లె
26 జూన్ 1989

ప్రేమా, నా బంగారుతల్లీ,

నీ ఉత్తరం చదివి ఐదో తరగతి గదిలో గోడకున్న పటం ముందు నిలబడ్డాను. చాక్‌పీసుతో గుర్తులు పెట్టాను. రేపల్లె, భట్టిప్రోలు, తెనాలి, అక్కణ్నుంచి కిందికి బాపట్ల దాటి వేటపాలెం. అది పదో తారీకు. పధ్నాలుగున మళ్లీ బాపట్ల. నీకు తట్టలేదా ఇది? ఇంత చదువుకున్నావు! వేటపాలెం ఆయన వెళ్లిన చివరి కొన. అక్కణ్నుంచి వెనక్కి తిరిగారు. ఇంటివైపు తిరిగారు.

పిల్లలు "ఏంటి టీచర్, నవ్వుతున్నారు?" అన్నారు. భూగోళం చెబుతున్నానర్రా అన్నాను.

బాపట్లలో ఆగిపోయారు, అంతే. ఒంట్లో బాగాలేకో, మొహం చెల్లకో. ఆ చూసినవాళ్లు ఎవరో పేరు రాయి, నేను వెళ్లి మాట్లాడతాను. పెద్ద ప్లాట్‌ఫారం మీద బెంచీయా, అవతలిదా? ఈ ఏడు బదిలీలు అయిపోయాయి. వచ్చే ఏడు బాపట్లకి పెట్టుకుంటాను. ఇంతకాలం ఆయన బడి ఎక్కడుంటే నేనక్కడికి వచ్చాను. ఇదీ అలాగే అనుకుంటాను.

నీ రుణం తీర్చుకోలేను.

మీ వదిన

&nbsp;

తెనాలి
14 ఆగస్టు 1989

వదినా,

బదిలీ పెట్టుకోవద్దు. ఊరు కాని ఊళ్లో ఒక్కదానివీ ఏం చేస్తావు? ఒకవేళ అన్నయ్య వస్తే రేపల్లె ఇంటికే గదా వస్తాడు. నువ్వు పటం మీద గీసింది నేనూ గీసి చూశాను. కానీ మూడో చోటు మీద నాకు నమ్మకం లేదు. చూశానన్న మనిషి పొరబడి ఉండొచ్చు. ఆ వివరాలు అడగొద్దు. వాళ్లకి ఇష్టం లేదు.

నాకు ఈ మధ్య ఏ లెక్కా ఒకసారి చేస్తే నమ్మకం కుదరడం లేదు. బోర్డు మీద చేసి, తుడిచి, మళ్లీ చేస్తున్నాను. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు.

ప్రేమ

&nbsp;

బాపట్ల
8 జులై 1990

ప్రేమా,

వద్దంటూనే ఉన్నావు, వచ్చేశాను. మే తుఫానుకి రేపల్లె ఇంటి మీద పెంకు ఒక్కటి మిగల్లేదు. ఆయన దుర్భిణి గొట్టం పక్కవీధి మురుగుకాలువలో దొరికింది. ఇంకా ఆ ఇల్లు పట్టుకుని ఉండటానికి నాకు కారణం కనబడలేదు. ఆదిలక్ష్మికి అడ్రసు ఇచ్చి వచ్చాను. "సారొస్తే పట్టుకుని కట్టేసి ఉంచుతా, నువ్వొచ్చేదాకా వదల్ను" అంది. వచ్చేటప్పుడు ఏడ్చింది కూడా.

ఇక్కడ గది స్టేషనుకు దగ్గర. శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం ప్లాట్‌ఫారం మీదికి వెళ్తున్నాను. నువ్వు ఏ బెంచీయో రాయలేదు. వేపచెట్టు కింద ఒకటుంది, నీడ బాగుంటుంది. ఆయనైతే అదే ఎంచుకుంటారు. నేనూ అక్కడే కూర్చుంటున్నాను. చెక్క మీద చెయ్యి వేసి చూశాను. పిచ్చిదాన్ని అనుకోకు.

గుడికి వెళ్తున్నాను. పాస్టరుగారు ప్రతి ఆదివారం ఆయన పేరు ప్రార్థనలో తీస్తున్నారు. తప్పిపోయినవారి కొరకు అని.

ఆ రాయి ఇప్పుడు ఎక్కడుంది? ఎప్పుడు వస్తుంది మళ్లీ?

రాహేలు

&nbsp;

తెనాలి
16 ఫిబ్రవరి 1992

వదినా,

రాయి గురించి నువ్వు ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు. నేను ప్రతిసారీ ఏదో ఒకటి రాసి తప్పించుకున్నాను. ఈసారి తెలిసిందంతా రాస్తాను.

అది తప్పిపోలేదు. తరవాత మళ్లీ కనిపించిందట, లెక్క కట్టిన చోటే. ఇక దారి రూఢి అయినట్టే. రూఢి అయితేనే వాటికి నంబరిస్తారు. దీనికీ ఇచ్చారు, ఒక పేరు కూడా పెట్టారు. గ్రీకుల వైద్యదేవుడి పేరట.

ఏడాదికి పన్నెండు పదమూడు రోజులు వెనకబడుతుందని రాశాను గదా. మొదటి ఏడు మనం ఆ కూడలికి వచ్చిన పదమూడు రోజులకి అది వచ్చింది. రెండో ఏడు ఇరవై ఆరు రోజులకి. ఏటా ఇంకా ఎడం. అలా వెనకబడి వెనకబడి మన పక్కకి మళ్లీ చేరేసరికి సుమారు ముప్ఫై ఏళ్లు. అప్పుడైనా కలుస్తుందని కాదు, ఒకే వైపు ఉంటాయంతే. అప్పటికి నాకు డెబ్బై దాటతాయి.

శనివారాలు మానెయ్యి వదినా. నేను చెప్పాను కాబట్టి అక్కడ కూర్చుంటున్నావు. నేను చెప్పినదాన్ని నేనే నమ్మనని ఎన్నిసార్లు రాయాలి?

ప్రేమ

&nbsp;

బాపట్ల
5 డిసెంబరు 1993

ప్రేమా,

నమ్మకపోతే నమ్మకు. నమ్మడం నీ పని కాదు, నాది.

స్టేషనులో నన్ను అందరూ శనివారం టీచరమ్మ అంటున్నారు. నిమ్మసోడా అమ్మే పున్నమ్మ నా కోసం బెంచీ మీద తువ్వాలు పరిచి పెడుతుంది. "మీ ఆయన రాడు గాని టీచరమ్మా, వచ్చినా ఇంత జనంలో నిన్ను గుర్తుపట్టొద్దూ? కాస్త మంచి చీర కట్టుకునిరా" అంటుంది. ఆ తరవాతి శనివారం నీలం చీర కట్టుకుని వెళ్లాను. పున్నమ్మ నవ్వలేదు. తల తిప్పుకుంది.

ముప్ఫై ఏళ్లంటే పెద్ద లెక్కా? అందులో నాలుగు గడిచాయి గదా.

క్రిస్మస్‌కి రా. నువ్వు ఒక్కసారి కూడా ఈ ఊరు రాలేదు. రెండు గంటల ప్రయాణం. ఎందుకు రావు?

రాహేలు

&nbsp;

బాపట్ల
15 ఏప్రిల్ 1996

ప్రేమా,

నిన్నటికి ఏడేళ్లు. ఆయన బడి హెడ్మాస్టరు ఒక కాగితం పంపారు. ఏడేళ్లపాటు తనవాళ్లెవరికీ కబురు లేకపోతే మనిషి పోయినట్టే లెక్కట. నేను సంతకం పెడితే ఆఫీసు ఆయన పేరు కొట్టేస్తుంది. ఇక ఆలస్యం చేయొద్దన్నారు.

నాలుగు రోజులుగా పెన్ను మూత తీయలేదు. అందులో ఒక గడి ఉంది. చివరిసారి ఎక్కడ, ఎప్పుడు కనిపించారు, చూసినవారి పేరు, బంధుత్వం, సంతకం. నేను రేపల్లెలో ఆరో తారీకున చూశాను. నా తరవాత యేసుదాసు. ఆ తరవాత గ్రంథాలయం పెద్దాయన. అందరికంటే చివర చూసింది బాపట్లలో ఆ మనిషి.

ఏడేళ్లుగా ఆ పేరు దాచావు. ఏ ఆడమనిషైనా ఉందేమో, నేను నొచ్చుకుంటానని దాస్తున్నావేమో అని కూడా అనుకున్నాను. అలాగైనా ఫరవాలేదు. నేను వెళ్లి ఒక్క మాట అడుగుతాను. బెంచీ మీద కూర్చున్న మనిషి ఎలా ఉన్నాడు, దిగులుగా ఉన్నాడా అని. బాగానే ఉన్నాడంటే ఈ కాగితం చింపేస్తాను, ఉద్యోగంలో పేరుంటే ఏంటి, పోతే ఏంటి.

పేరు రాయి. ఇక నన్ను తిప్పకు.

మీ వదిన

&nbsp;

తెనాలి
28 ఏప్రిల్ 1996

వదినా,

ఆ మనిషిని నేనే.

ఈ ఒక్క మాట రాయడానికి పది రోజులు పట్టింది. మిగతాది ఆగకుండా రాస్తాను. ఆగితే రాయలేను.

1989 జూన్‌లో బాపట్ల రైల్వే పోలీసుల దగ్గర్నుంచి నాకు కార్డు వచ్చింది. నా కంప్లయింటు చూసి రాశారు. పదిహేనో తారీకున వెళ్లాను. పున్నయ్య అని హెడ్ కానిస్టేబులు, పెద్దవాడు. "ముందు నీళ్లు తాగండమ్మా. మీ మనిషి కాకపోవచ్చు" అన్నాడు. ఏప్రిల్ పధ్నాలుగు తెల్లవారి పట్టాల పక్కన దొరికిన మనిషి. ఎవరూ రాలేదని మూడో రోజు పూడ్చేశారట. అరచేతంత ఫొటో ఉంది. ముఖం ఒక పక్కకి తిరిగి ఉంది. తెల్లచొక్కా చూపించారు. మన జిల్లాలో మాస్టరన్నవాడల్లా వేసుకునే చొక్కా.

"మీ అన్నగారేనాండి?" అన్నాడు.

"మా అన్నయ్యకి కళ్లజోడుంటుందండి" అన్నాను.

"పడిపోయి ఉండొచ్చు కదమ్మా."

"దొరికిందా?"

"లేదండి. అటూ ఇటూ చాలా దూరం వెతికాం."

"అయితే కాదు" అన్నాను.

కళ్లజోడు లేని అన్నయ్యని నేను చిన్నప్పటినుంచీ చూడలేదు. ఆ ముఖం అన్నయ్య ముఖంలా లేదు. పరాయివాడిలాగా కూడా లేదు. పున్నయ్య రిజిస్టరు ముందుకు తోశాడు. "మా మనిషి కాదు" అని రాసి సంతకం పెట్టాను. రాత ఎక్కడా వణకలేదు. అది తలుచుకుంటేనే నాకు భయం.

తిరిగొచ్చే బండిలో చెరుకుపల్లి టీచరొకావిడ పక్కన కూర్చుని అమ్మాయి పెళ్లి సంగతులు చెబుతోంది. నేను ఊ కొడుతున్నాను. నిజంగా కాదా? కాదనుకుంటే నీకసలు రాయక్కర్లేదు. అవుననుకుంటే అన్నీ రాయాలి. రెండూ చేతకాలేదు. ఇంటికి వచ్చి మూడు రోజులు కూర్చుని, ఒక బెంచీ కల్పించి, దాని మీద అన్నయ్యని కూర్చోబెట్టాను. అప్పటికి నీకు ఊరటగా ఉంటుంది, ఈలోగా మరెక్కడైనా కనిపిస్తే నా తప్పు దానంతటదే చెరిగిపోతుంది అనుకున్నాను. నాలుగోసారి కనిపిస్తే. నువ్వు ఆ బెంచీ వెతుక్కుంటూ వెళ్లి ఆరేళ్లు కూర్చుంటావని నాకెలా తెలుస్తుంది? కాదు, తెలుసు. నువ్వు పటం మీద గీతలు గీసిన రోజే తెలుసు. ఆ రోజు చెప్పలేనిది తరవాత ఏ రోజూ చెప్పలేకపోయాను.

ఇప్పటికీ నాకు రూఢిగా తెలియదు వదినా. దేవుడి మీద ఒట్టు. నువ్వు చూస్తే క్షణంలో చెప్పేదానివి. అందుకే నీకు చూపించలేదేమో.

బాపట్ల ఎందుకు రావని అడిగావు. ఇందుకే.

ప్రేమ

&nbsp;

బాపట్ల
12 మే 1996

ప్రేమకుమారికి,

నీ ఉత్తరం శనివారం అందింది. ఆ రోజు స్టేషనుకు వెళ్లలేదు. పున్నమ్మ సాయంత్రం ఇంటికి వచ్చింది, జ్వరమా అని. అవునన్నాను.

సోమవారం రైల్వే పోలీసుల దగ్గరికి వెళ్లాను. అంత పాత కాగితాలు ఉండవన్నారు. ఫొటో లేదు, చొక్కా లేదు, నువ్వు సంతకం పెట్టిన రిజిస్టరూ లేదు. ఆ హెడ్ కానిస్టేబులు పున్నయ్యగారు రిటైరై ఈ ఊళ్లోనే ఉన్నారు. నడవలేరు, రిక్షాలో తీసుకెళ్లాను. నేను రోజూ బడికి వెళ్లే దారిలో కాలువ పక్కన పాత గోడ ఒకటుంది. ఆ గోడ వెనకాల. "ఇక్కడెక్కడో అమ్మా. మీద ఇంకా చాలామందిని పెట్టారు. ఏదని చెప్పను?" అన్నారు. తుమ్మకంప. ఆరేళ్లు ఎండకి ఆ గోడ నీడనే నడిచాను.

నీకు నేనూ చెప్పనిది ఒకటుంది. ఆయన వెళ్లిన రోజు మధ్యాహ్నం పక్క దులుపుతుంటే దిండు కింద కళ్లజోడు కనిపించింది. అది లేకుండా ఆయనకి ఎదుట గడప ఆనదు. మర్చిపోయారనుకోవాలని చూశాను. కళ్లజోడు ఎవరైనా మర్చిపోతారా? బజారుదాకా వెళ్లేలోపే తెలిసిపోదూ? నీకు రాయబోయాను. రాస్తే నువ్వు వెంటనే లెక్క కట్టి జవాబు పంపేస్తావని భయపడ్డాను. గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టాను. తుఫానులో కూడా ముందు దాన్నే తీశాను.

నేను ఆ ఒక్క ముక్క రాసి ఉంటే నువ్వు ఆ ఫొటో చూసి అవుననేదానివి. నువ్వు ఫొటో సంగతి రాసి ఉంటే నేను ఆ రోజే బండెక్కి వచ్చేదాన్ని. అప్పటికి ఆయన మీద రెండు నెలల మట్టే. చోటు గుర్తుండేది. పేరు చెక్కిన రాయి పెట్టేదాన్ని. పాస్టరుగారిని అడిగాను, ఆ గోడ దగ్గర ప్రార్థన చేయమని. చేస్తానమ్మా, కానీ ఎవరికని చెప్పి చేయను, రూఢి లేదు గదా అన్నారు. ఆయన తప్పు లేదు. ఆదివారం మాత్రం తప్పిపోయినవారి జాబితాలోంచి పేరు తీసేశారు. నేనే తీయమన్నాను. ఇప్పుడు ఏ జాబితాలోనూ లేరు.

నీ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. వచ్చినప్పుడల్లా ట్రంకుపెట్టె గుర్తొచ్చి ఆగిపోతోంది. దానికి నిన్ను క్షమించినట్టు అనుకోకు.

ఇక ఆ రాయి సంగతులు నాకు రాయొద్దు.

కాగితం నింపాను. తేదీ దగ్గర ఏప్రిల్ పధ్నాలుగు వేశాను. ఊరు దగ్గర బాపట్ల. చూసినవారి పేరు దగ్గర నీ పేరు రాశాను. బంధుత్వం, చెల్లెలు. కింద నా సంతకం పెట్టేశాను. నీది పెట్టి తిరుగు టపాలో పంపు. నువ్వు రావద్దు.

రాహేలు